రబ్బరు చేపలు పెరిగేదాకా

సంచిలో మొదట మూడు చీరలు పెట్టింది సన్యాసమ్మ. వాటి మీద దుప్పటి, దుప్పటి పక్కన కొబ్బరినూనె సీసా, చింతకాయ పచ్చడి డబ్బా, పాత గుడ్డలో చుట్టిన రెండు జతల చేతి తొడుగులు. రొయ్యలు ఒలిచే కంపెనీలో తొడుగులు ఇస్తారని చెప్పారు గాని, ఇస్తామన్నవాళ్ళంతా ఇస్తారని నమ్మే వయసు కాదు ఆమెది. పక్కన కూచున్న అక్క లోవమ్మ, చెల్లెలు పెట్టినవన్నీ పెట్టినట్టే తీసి మళ్ళీ సర్దుతోంది. సర్దడం నెపం. నాలుగో చీర సంచిలో పడకుండా చూడటం ఆమె పని. నాలుగో చీర పడితే మూడు నెలలు కాస్తా ఆరు నెలలవుతాయని ఆమె భయం.

"మూడు నెల్లకి మూడు చాలు," అంది.

"నెలకో చీరేటప్పా? అక్కడ ఉతుక్కోనేటి?"

"ఉతుక్కుంటావు గనకే మూడు చాలు."

సన్యాసమ్మ నవ్వి, చేతిలో ఉన్న నాలుగో చీరని దండెం మీద పడేసింది. ఆకుపచ్చది, ఎర్రంచు. లోవమ్మ ఊపిరి తీసుకుంది. వాళ్ళ నాన్న ఒక సంచి పట్టుకుని అండమాను వెళ్ళాడు. లోవమ్మ మొగుడు ఒక సంచి పట్టుకుని గుజరాతు పడవలకి వెళ్ళాడు. ఆ సంచులు రెండూ తనే సర్దింది. అందుకని ఎవరు సంచి జిప్పు లాగినా లోవమ్మ లేచి వాకిట్లోకి వెళ్ళిపోతుంది.

అసలు సన్యాసమ్మ ఎందుకు వెళ్ళవలసి వచ్చిందంటే, గొర్రిగెడ్డ రిజర్వాయరులో వల వెయ్యకూడదని పదిరోజుల కింద నిషేధం పెట్టారు. నిషేధం ఎందుకంటే, నీళ్ళలో ఐదువేల చేపలు పెరగాలి. ఆ ఐదువేల చేపలూ రబ్బరువి.

ఇది ఎలా జరిగిందో చెప్పాలి.

గొర్రిగెడ్డని చూసుకునేది జలాశయ మత్స్య వికాస, వినోద సంస్థ. దాని డైరెక్టరు గారు ఒకసారి విదేశం వెళ్ళి, అక్కడి పెద్దమనుషులు పొడుగాటి గాలపు కర్రలతో రబ్బరు చేపని నీళ్ళలోకి విసరడం చూశారు. ఆ రబ్బరు చేప తోక ఆడిస్తూ ఈదుతుందట. బాస్ అనే పెద్ద చేప అది నిజం చేపనుకుని మింగుతుందట. బాస్‌ని పైకి లాగి, పక్కన పెట్టుకుని ఫోటో తీయించుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారట. డైరెక్టరు గారు ముగ్ధులైపోయారు. పట్టుకున్న చేపని వదిలెయ్యడంలో ఉన్న నాగరికత మన జలాశయాలకి కూడా రావాలని నిశ్చయించారు. గొర్రిగెడ్డలో బాస్ లేదని ఎవరో మనవి చేస్తే, "ముందు ఎర రానివ్వండి, చేప దానంతట అదే వస్తుంది," అన్నారు.

కర్రలూ, దారమూ, గాలాలూ తెప్పించే పని వినోద విభాగానికి ఇచ్చారు. రబ్బరు చేపలు మత్స్య విభాగానికి. ఆ రెండు విభాగాలకీ మాటల్లేవు. జ్యేష్ఠ మాసంలో రబ్బరు చేపలు వచ్చేశాయి. కర్రలు రాలేదు.

గొర్రిగెడ్డ క్షేత్రాధికారి పట్నాయక్ గారు పెట్టెలు విప్పించి, వచ్చిన సామాను రాసే రిజిస్టరు తెరిచారు. అందులో నాలుగు గళ్ళు. వలలు, తెప్పలు, మందులు, చేపలు. ఆయన ఒక మధ్యాహ్నమంతా ఆలోచించారు. ఇవి వలలు కావు. తెప్పలు అసలే కావు. మందులంటే వెటర్నరీ వాళ్ళు ఒప్పుకోరు. కొత్త గడి గియ్యాలంటే హెడ్డాఫీసు అనుమతి కావాలి, అది రావడానికి ఆయనకి మిగిలిన మూడున్నరేళ్ళ సర్వీసు చాలదు. చివరికి చేపల గడిలో 'ఐదువేలు' అని రాశారు.

ఒకసారి చేపల గడిలో పడ్డాక ఇక ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. సంస్థ నిబంధన ప్రకారం వచ్చిన చేపపిల్లల్ని డెబ్బై రెండు గంటల్లోగా జలాశయంలో వదలాలి. వదలకపోతే అవి ఎలా చచ్చాయో సంజాయిషీ రాయాలి.

కాబట్టి వదిలారు. షామియానా వేశారు. ముఖ్య అతిథి గారు లోవమ్మ, సన్యాసమ్మల తెప్ప ఎక్కి, ప్లాస్టిక్ సంచిలోంచి మొదటి విడత రబ్బరు చేపల్ని భక్తిగా నీళ్ళలోకి వంచారు. ఒక్కొక్కటి జానెడు పొడవు, వెండి రంగు, ఎర్రటి కళ్ళు. నీళ్ళలో పడి పక్కకి తిరిగి తేలాయి.

"కదలవేమిటి?" అన్నారు అతిథి గారు.

"కొత్త నీరండి," అన్నారు పట్నాయక్ గారు గట్టు మీంచి. "అలవాటు పడాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. చేపపిల్లలు వదిలాక అవి సగటున అరకిలో తూగేదాకా వల నిషేధం అన్నది సంస్థ మొదటినించీ పాటిస్తున్న నిబంధన. మర్నాడే బోర్డు పాతారు.

లోవమ్మ ఆఫీసుకి వెళ్ళింది. "రబ్బరు పెరుగుతాదేటి బాబూ?"

"పెరగదని నాకు తెలుసు లోవమ్మా. నీకూ తెలుసు. కాని పెరగదని ఇప్పుడే రాస్తే, మరెందుకు వదిలావని అడుగుతారు. మూడు నెలలు తూకాలు వేసి, పెరగలేదని రాస్తే ఎవరూ అడగరు. నిషేధం ఎత్తేస్తారు."

"మూడు నెల్లూ మేమేటి తినాల?"

పట్నాయక్ గారు చెడ్డ మనిషి కాదు. తల వంచుకుని కళ్ళజోడు తుడుచుకున్నారు.

రేవులో ఉన్న మిగతా పద్నాలుగు కుటుంబాలూ తలో దిక్కూ వెళ్ళిపోయాయి. అక్కచెల్లెళ్ళు మాత్రం పదిరోజులు తేల్చుకోలేకపోయారు. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళది ఒకే తెప్ప. వల వెయ్యడమంటే ఇద్దరి పని. వెనక కూచున్న మనిషి తెడ్డుతో తెప్పని అడ్డంగా నిలబెడితేనే ముందున్న మనిషి వల దించగలదు. తెడ్డు సన్యాసమ్మది, వల లోవమ్మది. సన్యాసమ్మ లేకపోతే లోవమ్మ తెప్ప నీళ్ళ మీద బొంగరం. చివరికి, ఇద్దరిలో చేతులు వేగంగా ఆడేది సన్యాసమ్మకి గనక రొయ్యలు ఒలవడానికి ఆమె వెళ్ళాలనీ, ఇంటిని కనిపెట్టుకుని లోవమ్మ ఉండాలనీ తేల్చుకున్నారు.

ఆషాఢ పౌర్ణమి మర్నాడు, మంగళవారం, ఉదయం ఆరున్నర బస్సు. కిటికీ దగ్గర కూచున్న సన్యాసమ్మ, కింద నిలబడ్డ అక్క మొహం చూసి, ఆ మొహం అలా వదిలి వెళ్ళడం ఇష్టంలేక హాస్యమాడింది.

"ఆ రబ్బరు చేపలకి ఇంత బువ్వ పెట్టప్పా. బేగి పెరుగుతాయి."

"నీ బుద్ధికి తగ్గ మాట," అంది లోవమ్మ. "పౌర్ణమికి వచ్చేయాల. మూడో పౌర్ణమికి."

"నిషేధం ఎత్తేసిన రోజున ఫోన్ చెయ్యి. ఆ రోజే బస్సెక్కుతాను."

మొదటి నెల తూకం గట్టు మీద జరిగింది. లోవమ్మ బుట్టతో పది రబ్బరు చేపల్ని ముంచి తెచ్చింది. పట్నాయక్ గారు ఒక్కొక్కటే త్రాసులో పెట్టారు. అన్నీ తొంభై గ్రాములు. వదిలిన రోజునా తొంభయ్యే. మాదిరికి తీసిన చేపల్ని తదుపరి తూకం వరకూ సజీవంగా ఉంచవలెనని నిబంధన ఉంది గనక, వాటిని ఆఫీసులో తొట్టిలో వేశారు. రోజూ నీళ్ళు మార్చే పని లోవమ్మకి ఇచ్చారు. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క చేపల మనిషి ఆమే కాబట్టి సంస్థ పనులన్నీ ఆమెకే వచ్చాయి.

పదిహేను రోజులకి హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చింది. పట్నాయక్ గారు చదివి వినిపించారు.

"పైన ఉదహరించిన జలాశయమునందు విడుదల గావించబడిన చేపలలో మరణముల శాతము శూన్యముగా నమోదగుట మిక్కిలి హర్షణీయము. సంస్థ చరిత్రలో ఇది ప్రప్రథమము. కాని పెరుగుదల సైతము శూన్యముగా నమోదగుట శోచనీయము. పోషకాహార లోపమే ఇందులకు కారణమని నిపుణుల అభిప్రాయమైనందున తక్షణము మేత పంపబడుచున్నది."

లోవమ్మకి చెల్లెలు బస్సులో అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట ఎవరో విని పైకి చేరవేశారేమోనని కాసేపు నిజంగానే అనుమానించింది.

లారీడు తవుడు, లారీడు వేరుశనగ చెక్క వచ్చాయి. రోజుకి నాలుగు బస్తాలు నీళ్ళలో పొయ్యడం లోవమ్మ పని. రబ్బరు చేపలు ఒక పక్కన తేలుతూ ఉండేవి. అసలు చేపలు మాత్రం ఈ వైభవం ఏమిటో అర్థంకాక మొదట రెండు రోజులు దూరంగా ఉండి, మూడోరోజున గట్టు దాకా వచ్చి నోళ్ళు తెరిచాయి. బొచ్చెలు మేకపిల్లలంత అయ్యాయి. వాలుగలు అంతకన్నా బలిశాయి. లోవమ్మ వాటి మీద తవుడు చల్లుతూ, వల చూరులో పెట్టుకుని, రేషను బియ్యంతో గంజి కాచుకుని తాగింది.

రెండో నెలలో శిక్షకుడు వచ్చాడు. పేరు ముకుంద్. నలభై ఐదేళ్ళ మనిషి, తలకి టోపీ, చొక్కాకి పద్దెనిమిది జేబులు. 'రబ్బరు చేపతో బాస్ వేట: తొలి పాఠాలు' అని సంస్థ అచ్చు వేసిన పుస్తకాలు రెండొందలు తెచ్చాడు. శిక్షణకి రెండొందల మందిని పిలిచారు. లోవమ్మ ఒక్కతే వచ్చింది.

"కర్రలేవండి?" అని అడిగాడు ముకుంద్.

"వినోద విభాగంలో ఉన్నాయి," అన్నారు పట్నాయక్ గారు.

"పోనీ రబ్బరు చేపలు?"

"నీళ్ళలో పెరుగుతున్నాయి. పట్టకూడదు."

ముకుంద్ కాసేపు టోపీ తీసి పట్టుకున్నాడు. కాని రానూపోనూ ఖర్చులు ఇచ్చేశారు, శిక్షణ జరగాలి. గెస్టుహౌసు పచ్చిక మీద లోవమ్మని నిలబెట్టి, ఉత్త చేతుల్తో పాఠం మొదలుపెట్టాడు.

"కొత్తగా నేర్చుకునేవాళ్ళు పెద్ద చేపతో మొదలుపెట్టకూడదమ్మా. చిన్న రబ్బరు చేప, బరువుకి తగ్గ కర్ర. ఇప్పుడు విసరండి."

"ఏటి విసరాల బాబూ?"

"విసిరినట్టు."

లోవమ్మ విసిరినట్టు చేసింది.

"ఇప్పుడు మెల్లగా లాగండి. ఇంకా మెల్లగా. దెబ్బతిన్న చేప ఎలా ఈదుతుందో అలా. ఆపండి. ఆపినప్పుడే పెద్దచేప కాటేస్తుంది. ఊరుకోవడమే ఇందులో విద్య."

"నీకు ఎన్ని పడ్డాయి బాబూ?"

ముకుంద్ పట్నాయక్ గారి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇంకా పడలేదమ్మా. మూడేళ్ళే కదా అయింది. వెయ్యిసార్లు విసిరితే ఒకసారి పడుతుందంటారు."

పట్నాయక్ గారు పక్కనే ఉన్నారు. 'వెయ్యిసార్లు' అని నోటుపుస్తకంలో రాసుకున్నారు. రాసుకున్నది లక్ష్యమైంది. లోవమ్మ రెండున్నర రోజులపాటు గాలిలోకి వెయ్యిసార్లు విసిరినట్టు చేసింది, వెయ్యిసార్లు లాగినట్టు చేసింది. సర్టిఫికెట్ ఇచ్చారు. రాత్రుళ్ళు భుజం పీకేది.

వెళ్ళేముందు ముకుంద్‌ని ఆమె ఒకటే అడిగింది. "దీనికి ఎంతమంది కావాల?"

"ఒక్కరు చాలమ్మా. అదే దీని గొప్ప. తోడక్కర్లేదు. ఒక్కరే కూచుని ఎంతసేపైనా వేటాడొచ్చు."

"అయితే నాకొద్దు బాబూ," అంది లోవమ్మ.

మూడో నెలలో రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. మొదటిది సన్యాసమ్మ ఫోన్. ఈ కంపెనీలో రొయ్యల సీజను అయిపోతోందట. దూరాన వేరే రాష్ట్రంలో వీళ్ళకే ఇంకో కంపెనీ ఉందట. అక్కడికి రెండేళ్ళకి సంతకం పెట్టేవాళ్ళు పౌర్ణమిలోగా పెట్టాలి, పెట్టనివాళ్ళు ఇళ్ళకి పోవాలి.

"నువ్వు సంతకం పెట్టకు," అంది లోవమ్మ.

"నిషేధం తీసేస్తారా మరి? తీసెయ్యకపోతే ఇంటికొచ్చి ఇద్దరం తవుడు తినాలప్పా."

రెండో కబురు హెడ్డాఫీసు ఉత్తరం. పట్నాయక్ గారు దాన్ని రెండుసార్లు చదివి, పైకి వినిపించకుండా బల్ల మీద పెట్టారు.

"పెరగలేదని రాస్తే నిషేధం తీసేస్తారనుకున్నాను లోవమ్మా. పెరిగేదాకా ఉంచమంటున్నారు."

లోవమ్మ తొట్టిలో నీళ్ళు మార్చడానికి వెళ్ళింది. పది రబ్బరు చేపల్నీ బయటికి తీసింది. ఒకదాన్ని చేతిలో తిప్పి చూసింది. లోపలంతా డొల్ల. గాలం దూర్చడానికి కంపెనీవాళ్ళే పొట్ట కింద చీలిక కోసి ఉంచారు. ఆ చీలికలో వేలు పెట్టి, లోపల ఎంత పడుతుందో చూసింది.

ఇంటికి వెళ్ళి చూరులోంచి వల దించింది. వల అడుగున నీళ్ళలోకి దిగడానికి కట్టిన సీసం గుళ్ళు ఉంటాయి. అమ్మ కట్టినవి కొన్ని, సన్యాసమ్మ కట్టినవి కొన్ని. కత్తిపీట ముందేసుకుని ఒక్కొక్కటే కోసింది. గుళ్ళు లేని వల బట్టకింద లెక్క. అది ఆమెకి తెలుసు. చెల్లెలు వస్తే మళ్ళీ కట్టుకోవచ్చు.

మూడోనెల తూకానికి డైరెక్టరు గారు స్వయంగా వచ్చారు. మూడో తూకం వలతోనే తియ్యాలని నిబంధన. తెప్ప మీద లోవమ్మ ముందు కూచుంది. తెడ్డు పట్టడానికి మనిషి లేడు. పట్నాయక్ గారు ప్యాంటు మడిచి వెనక కూచున్నారు. తెప్ప రెండుసార్లు గుండ్రంగా తిరిగి, పట్నాయక్ గారి కళ్ళజోడు తడిసి, చివరికి ఒకచోట ఆగింది. లోవమ్మ వల వేసింది. వల మునగలేదు. నీళ్ళ మీద ఆరేసిన చీరలా పరుచుకుంది.

పట్నాయక్ గారు వలని చూశారు. లోవమ్మ ఒళ్ళో ఉన్న తొట్టిచేపల బుట్టని చూశారు. బుట్ట బరువుకి తెప్ప ముందుకి ఒరిగి ఉంది.

"నేను గట్టు వైపు చూస్తున్నాను లోవమ్మా," అన్నారు. "డైరెక్టరు గారు చెయ్యి ఊపుతున్నట్టున్నారు."

ఆయన గట్టు వైపే చూస్తూ కూచున్నారు, వల పైకి వచ్చేదాకా.

త్రాసులో మొదటి చేప ఐదువందల ఇరవై గ్రాములు తూగింది. పదీ అంతే, ఒక గ్రాము అటూ ఇటూ. డైరెక్టరు గారు ఒక చేపని రెండు చేతులా పట్టుకుని బరువు చూశారు. ఆయన కళ్ళు తడయ్యాయి.

"నెల్లాళ్ళలో నాలుగువందల ముప్పై గ్రాములు. పొడవు జానెడు దాటకుండా, ఉన్న ఒంట్లోనే. ఇంత గట్టి కండ నేను ఎక్కడా చూడలేదు."

"అయితే వల వెయ్యొచ్చా బాబూ?" అంది లోవమ్మ.

"వలా?" డైరెక్టరు గారు ఆమెని జాలిగా చూశారు. "అమ్మా, ఇలాంటి జాతి మీద వల వెయ్యడం దేశానికి ద్రోహం. ఇవి ఇక తల్లిచేపలు. గొర్రిగెడ్డని సంరక్షిత జలాశయంగా ప్రకటిస్తున్నాను. ఇవి గుడ్లు పెట్టి, ఆ గుడ్లు పిల్లలయ్యేదాకా ఇక్కడ వల పడదు."

తల్లిచేపల్ని సగౌరవంగా మళ్ళీ నీళ్ళలో వదిలారు. ఈసారి తేలలేదు. రాళ్ళలా మునిగిపోయాయి.

"చూశారా, లోతుకి వెళ్ళాయి," అన్నారు డైరెక్టరు గారు. "గుడ్లు పెట్టే లక్షణం."

ఆ ఏడాది ఉత్తమ జలాశయం బహుమతి గొర్రిగెడ్డకి వచ్చింది. పట్నాయక్ గారికి శాలువా కప్పారు. ఆయన దాన్ని తీసుకొచ్చి లోవమ్మకి ఇవ్వబోయారు. ఆమె పుచ్చుకోలేదు.

మూడో పౌర్ణమి రోజున లోవమ్మ ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది. గుళ్ళు కోసిన సంగతి మాత్రం ఆఖర్న చెప్పింది.

అవతలినించి సన్యాసమ్మ అడిగింది. "గుడ్లు పెట్టేదాకానా?"

"అవునంట."

"సరేలేప్పా. పెట్టాక చెప్పు," అని నవ్వింది. నవ్వి సంతకం పెట్టింది.

మూడో ఎండాకాలంలో వానల్లేక గొర్రిగెడ్డ అడుగంటింది. బురదలో రబ్బరు చేపలన్నీ వరసగా బయటపడ్డాయి. పట్నాయక్ గారు దగ్గరుండి ఏరించారు. తొంభై గ్రాములవి నాలుగువేల తొమ్మిదివందల తొంభై, ఐదువందల ఇరవైవి పది. ఒక్కటి పోలేదు. జలాశయంలో నీరే లేదు గనక సంరక్షణ రద్దయింది, నిషేధం పోయింది. ఆషాఢంలో వానలు పడి నీళ్ళు వచ్చాయి.

లోవమ్మ ఆ రోజే ఫోన్ చేసింది. "నిషేధం ఎత్తేశారే, సన్నాసీ."

సన్యాసమ్మ వెనకాల మిషన్ల రొద వినబడుతోంది. తనిప్పుడు ముప్పైమంది మీద మేస్త్రీ అనీ, గదికి కుళాయి ఉందనీ, ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టేసిందనీ చెప్పింది. ఆ తరవాత, "దండెం మీద నా ఆకుపచ్చ చీరుండాలి. పాడైపోతాది. నువ్వు కట్టుకో అప్పా," అంది.

లోవమ్మ ఫోన్ పెట్టేసి చీర మడత పెట్టింది. కట్టుకోలేదు.

పట్నాయక్ గారు రిటైరయ్యే వారంలో కర్రలు వచ్చాయి. ఐదువందల గాలపు కర్రలు, దారం, గాలాలు. శిక్షణ పొందినవాళ్ళ జాబితాలో ఒకే పేరుంది. ఆయన ఒక కర్ర, ఒక రబ్బరు చేప పట్టుకుని లోవమ్మ ఇంటికి వచ్చారు.

"ఇందులో సీసం లేదు," అన్నారు. "చూసి మరీ తెచ్చాను."

"తెప్పకి మనిషి లేదు బాబూ."

"దీనికి అక్కర్లేదు కదా."

మర్నాడు పొద్దున్నే లోవమ్మ గట్టున కూచుని విసిరింది. వెయ్యిసార్లు చేసిన చెయ్యి, దానికి తెలుసు. మెల్లగా లాగింది. రబ్బరు చేప తోక ఆడిస్తూ, దెబ్బతిన్న చేపలా ఈదుకుంటూ వచ్చింది. ఆపింది. ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆరోసారికి కర్ర వంగింది. బురదగుంటలో బతికి బట్టకట్టిన ఒక ముసలి వాలుగ, సంస్థవారి తవుడు తిని బలిసింది, పన్నెండు కిలోలు. పట్నాయక్ గారు ఫోటో తీశారు. నిబంధన ప్రకారం మళ్ళీ నీళ్ళలో వదలమని చెప్పడానికి నోరు తెరిచి, లోవమ్మ మొహం చూసి మూసుకున్నారు. ఆఖరి నివేదికలో, పథకం విజయవంతమైనదనీ, లబ్ధిదారులు ఒకరనీ రాశారు.

ఐదువేల చేపలూ తిరిగొచ్చాయి. సన్యాసమ్మ వెళ్ళింది ఆషాఢ పౌర్ణమి మర్నాడు, మంగళవారం, ఉదయం ఆరున్నర బస్సుకి. ఇప్పటికి తొమ్మిదేళ్ళు. తిరిగి రాలేదు.